పళ్ళెం ఒకచోట, పలక ఒకచోట

చెన్నై దక్షిణాన షోళింగనల్లూరు కూడలి దగ్గర నాలుగు దారులు చీలతాయి. ఉత్తరానికి పోతే తిరువాన్మియూరు దాటి అడయారు. దక్షిణానికి పోతే సిరుసేరి, కేళంబాక్కం మీదుగా మహాబలిపురం. తూర్పున బకింగ్‌హామ్ కాలువ వంతెన దాటితే సముద్రపు ఒడ్డున అక్కరై. పడమట పెరుంబాక్కం, మేడవాక్కం. ఏ దారి పట్టినా మూడేళ్ళ పిల్లల బడులు కనబడతాయి. గోడలమీద ఏనుగులూ ఇంద్రధనుస్సులూ వేసిన ప్లేస్కూళ్ళు ఒక రకం. ఒక టీచరు, ఒక ఆయా, ఒక పొయ్యి, మూలన ఒక తూకం యంత్రం ఉన్న అంగన్‌వాడీలు రెండో రకం.

రెండూ ఒకే వయసు పిల్లల కోసం పెట్టినవే. పుట్టుక మాత్రం వేరు. ప్లేస్కూలు వెనక అడయారు నది ఒడ్డున ఒక ఇటాలియన్ వైద్యురాలు గడిపిన యుద్ధకాలం ఉంది. అంగన్‌వాడీ వెనక ఆకలి లెక్కలు, కార్పొరేషన్ తీర్మానాలు, ఒక తెలుగు నాయకుడు కేటాయించిన ఒక్క అణా ఉన్నాయి. మద్రాసులో పసిపిల్లల బడికి పలక ఒకచోట నుంచి, పళ్ళెం మరోచోట నుంచి వచ్చాయి. అవి రెండూ ఒకే గదిలోకి చేరడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. ఇప్పటికీ ఆ గది చాలా చోట్ల సగమే నిండింది.

అయిదేళ్ళకు ముందు బడి అనేది మనకు పాత సంగతి కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లోని బడుల లెక్క అడిగితే, బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో వివరంగా జవాబు రాశాడు. ఈ క్యాంబెల్ 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు, కాబట్టి పిల్లలు ఏం చదువుతున్నారో చూసి అర్థం చేసుకోగలిగాడు. ఆయన జిల్లాలో 533 బడులు, అందులో 226 తెలుగువి. పిల్లాడికి అయిదో ఏడు రాగానే పంతులునీ తోటి పిల్లలనీ ఇంటికి పిలిచి, వినాయకుడి ఎదుట కూర్చోబెట్టి, వేలు పట్టుకుని బియ్యంలో రాయించేవారని ఆయన వర్ణించాడు. బడికి అందరికంటే ముందు వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినవాళ్ళకు వరసగా ఒక్కొక్కటి ఎక్కువ.

అయిదేళ్ళ లోపు చదువంతా ఇంట్లోనే. చెమ్మచెక్కలో తాళం, గుడుగుడు గుంచంలో వంతు కోసం ఆగడం, వామనగుంటల్లో లెక్క, నాయనమ్మ కథలో మాట. నేటి ప్లేస్కూలు చేసే పనిలో సగం అప్పట్లో ఇంటి వసారాలోనే జరిగిపోయేది. అయితే దాన్ని తలచుకుని మురిసిపోవడానికి లేదు. క్యాంబెల్ లెక్కలో బడికి వెళ్ళే పిల్లలు 6,641 మంది ఉంటే ఆడపిల్లలు అరవైమంది. పొలానికో కూలికో తల్లి వెళ్ళిపోయిన గుడిసెలో చంటివాణ్ణి చూసేది ఏడేళ్ళ అక్క. ఆ అక్కకు వసారా లేదు, వామనగుంటలు ఆడే తీరికా లేదు.

ఈ వీధిబడుల్లోని ఒక అలవాటు సముద్రం దాటి వెళ్ళిన కథ వేరే ఉంది. 1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతగురువు అధిపతిగా చేరాడు. దగ్గర్లోని దేశీయ బడిలో పిల్లలు నేలమీద ఇసుక పరచి వేలితో అక్షరాలు దిద్దడం ఆయన కంటబడింది. మనవాళ్ళు గుంట ఓనమాలు అనేది అదే. తన ఆశ్రమంలోనూ అలా చేయమంటే ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. దాంతో ఎనిమిదేళ్ళ జాన్ ఫ్రిస్కెన్ అనే విద్యార్థి చేత చిన్న పిల్లలకు ఇసుకలో రాత నేర్పించాడు. 1797లో లండన్‌లో ఆయన అచ్చువేసిన పుస్తకంతో అది ‘మద్రాసు పద్ధతి’గా ఇంగ్లండ్ అంతా పాకింది. అప్పుడు ఇక్కడినుంచి వెళ్ళిన ఇసుక నూట నలభై ఏళ్ళ తర్వాత మరో రూపంలో మద్రాసుకే తిరిగొచ్చింది. అది కాస్త ఆగి చెప్పాల్సిన సంగతి.

జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో పసిపిల్లల బడి తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆ పేరు మిషనరీల వెంట మద్రాసుకూ చేరింది. పేదపిల్లల వైపు నుంచి చూస్తే మాత్రం 1894 ముఖ్యమైన ఏడాది. దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు కల్నల్ ఆల్కాట్ అడయారులో పంచముల పిల్లల కోసం ఉచిత పాఠశాల పెట్టాడు. అప్పటికి ఆ పిల్లలను ఊరి బడి గడప ఎక్కనిచ్చేవారు కాదు. ఆ బడి నేటికీ ఆల్కాట్ మెమోరియల్ పేరుతో నడుస్తోంది.

ఇక ఒక్క అణా కథ. సర్ పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగు మాట్లాడే దేవాంగ నేతకుటుంబంలో పుట్టినవాడు, జస్టిస్ పార్టీని నిలబెట్టిన ముగ్గురు నలుగురిలో ఒకడు. నేటి టీ నగర్ పేరులో ఉన్నది ఆయనే. 1920లో ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది: థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడి పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టాలి, ఖర్చు తలకు ఒక్క అణా మించకూడదు. ఖాళీ కడుపుతో పిల్లలు రారు, వచ్చినా నిలవరు అన్నదే అందులోని తర్కం. తర్వాత మరికొన్ని బడులకు పాకింది. ప్రాథమిక విద్యకు ఇచ్చిన డబ్బును తిండికి ఖర్చుపెట్టకూడదని పై ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 1925లో ఆగిపోయింది. చదువు పద్దు వేరు, తిండి పద్దు వేరు అనే ఆ గుమాస్తా తర్కం ఇంకా చావలేదు. 1956లో కామరాజు ప్రభుత్వం రాష్ట్రమంతటా బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టేదాకా ఆ లోటు అలాగే ఉండిపోయింది.

త్యాగరాయ చెట్టి పళ్ళెం పెట్టిన పంతొమ్మిదేళ్ళకు పలక వచ్చింది. 1939 చివర్లో మరియా మాంటిస్సోరి, కొడుకు మారియోతో కలిసి మద్రాసులో దిగింది. పిలిచినవారు దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జి అరుండేల్, కళాక్షేత్రం వ్యవస్థాపకురాలు రుక్మిణీదేవి దంపతులు. ఆమెకు అప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. కొన్ని నెలలు శిక్షణ ఇచ్చి వెళ్ళిపోదామని వచ్చింది. నవంబరులో మొదలైన మొదటి శిక్షణ తరగతికి దేశం నలుమూలల నుంచి సుమారు మూడు వందలమంది ఉపాధ్యాయులు హాజరయ్యారు. ఆమె ఇటాలియన్‌లో చెబితే మారియో ఇంగ్లీషులోకి మార్చి చెప్పేవాడు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగడంతో తల్లీకొడుకులు శత్రుదేశ పౌరులైపోయారు. మారియోను అహ్మద్‌నగర్ నిర్బంధ శిబిరానికి పట్టుకుపోయారు. ఆమెను అడయారు ఆవరణ దాటవద్దన్నారు. ఆగస్టు 31న ఆమె డెబ్బయ్యో పుట్టినరోజు. ఆ సందర్భంగా కొడుకును వదిలిపెడుతున్నట్టు వైస్రాయి కబురు పంపాడు. పెళ్ళి కాకుండా పుట్టిన ఆ బిడ్డను అప్పటిదాకా ఆమె లోకానికి మేనల్లుడనో పెంచుకున్నవాడనో పరిచయం చేసేది. బాహాటంగా అతన్ని ఆమె కొడుకు అన్నది ఆ కబురేనని చెబుతారు. తర్వాత కొంతకాలం కొడైకనాల్‌లో బడి నడిపింది. 1946లో యూరప్ వెళ్ళి, మరుసటి ఏడాదే మళ్ళీ వచ్చింది. ఆమె పుస్తకాల్లో బాగా పేరున్న ‘ది అబ్జార్బెంట్ మైండ్’ 1949లో అడయారులోనే అచ్చయింది. లోకం ఈనాడు చదివే మాంటిస్సోరిలో పెద్ద భాగం ఈ నది ఒడ్డున తయారైనదే.

ఆమె తెచ్చిన సామాను చూస్తే బడి అనిపించదు. ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పెరిగే పది గులాబీ రంగు చెక్క దిమ్మెలు. చిన్న పిడి పట్టుకుని తీసి, సరిగ్గా అదే గుంతలో పెట్టాల్సిన కొయ్య స్థూపాలు. ఆ పిడిని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పట్టుకోవాలి. రేపు పెన్సిలు పట్టేదీ ఆ మూడు వేళ్ళే. పెద్దది చిన్న గుంతలో పట్టదు కాబట్టి తప్పు జరిగితే చెక్కే చెబుతుంది, టీచరు చెప్పనక్కర్లేదు. నీళ్ళు వంచడం, బొత్తాలు పెట్టుకోవడం, చాప చుట్టడం కూడా పాఠాలే. ఇక అక్షరాలు గరుకు కాగితంతో కత్తిరించి అట్టమీద అంటించినవి. పిల్ల వేలితో తడుముతూ దాని ధ్వని పలుకుతుంది. ఎగ్మూరులో ఆండ్రూ బెల్ చూసిన ఇసుకకు చుట్టం ఇదే. వేలు దిద్దిన దారిని కన్ను గుర్తుపడుతుందని గుంట ఓనమాల పంతులుకూ తెలుసు. బెత్తం లేకుండా ఆ పని అవుతుందని మాత్రం ఆయన నమ్మలేదు.

మాంటిస్సోరి మొదటి బడి ఎక్కడ పుట్టిందో మనవాళ్ళు చాలామంది పట్టించుకోరు. రోమ్‌లోని శాన్ లొరెంజో మురికివాడలో పాత భవనాలను బాగుచేసి పేద కూలి కుటుంబాలకు ఇచ్చారు. తల్లిదండ్రులు పనికి పోతే, బడి ఈడు రాని పిల్లలు మెట్లమీద తిరుగుతూ కొత్త గోడలు పాడుచేస్తున్నారు. గోడలు కాపాడుకోవడానికి భవనాల యజమానుల సంస్థ ఈమెను పిలిచింది. 1907 జనవరి 6న యాభైమందికి పైగా పిల్లలతో అక్కడ తెరిచిన గదే తొలి ‘పిల్లల ఇల్లు’. అంటే పేదల బహుళ అంతస్తుల వాడలో, తల్లులు పనికి పోయిన పూట కోసం పుట్టిన బడి అది. షోళింగనల్లూరు చుట్టుపక్కల దానికి సరితూగే చోటు గేటెడ్ కమ్యూనిటీ కాదు, పెరుంబాక్కం పునరావాస కాలనీ. ఆ పేరు బోర్డు మాత్రం గేటెడ్ కమ్యూనిటీ పక్కన వెలిసింది.

తెలుగునాట కూడా ఆ పేరు బాగా పట్టుకుంది. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ 1955లో చిల్డ్రన్స్ మాంటిస్సోరి స్కూలు పెట్టారు. 2017లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత ప్రతి పట్నంలోనూ ఒక మాంటిస్సోరి బోర్డు లేచింది. అందులో ఎన్నిచోట్ల చెక్క దిమ్మెలు ఉన్నాయని అడగకూడదు. చాలాచోట్ల మిగిలింది పేరు, టై, బూట్లు, ఎల్‌కేజీ ప్రవేశ పరీక్ష.

మద్రాసు తెలుగువాళ్ళు ఈ కథలో ఊరికే చూస్తూ కూర్చోలేదు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో జైలుకు వెళ్ళిన రాజమండ్రి పిల్ల దుర్గాబాయి 1937లో మైలాపూరులో ఆంధ్ర మహిళా సభ ప్రారంభించింది. పెళ్ళై, వైధవ్యమో విడిచిపెట్టడమో జరిగి చదువు ఆగిపోయిన ఆడవాళ్ళకు మళ్ళీ చదువు చెప్పించడం దాని ప్రధాన పని. తల్లి చదువుకోవాలన్నా పనికి పోవాలన్నా బిడ్డను ఎక్కడ దించాలి అన్న ప్రశ్న అక్కడ ప్రతిరోజూ ఎదురయ్యేదే. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలైంది. మరుసటి ఏడాది నుంచి ఆ మండలి పల్లెల్లో నడిపిన విస్తరణ ప్రాజెక్టుల్లో కుట్టుపని, కాన్పుల సాయంతోపాటు బాలవాడి తప్పనిసరి అంశం అయింది. ప్రభుత్వ డబ్బుతో ఊళ్ళలో పసిపిల్లల బడి అనేది దేశంలో పెద్దయెత్తున మొదలైంది అప్పుడే.

అదే కాలంలో మద్రాసు రేడియో నుంచి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు తెలుగు పిల్లలకు అన్నయ్య, అక్కయ్య అయ్యారు. 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. పిల్లల చేత పాడించాలి, ఆడించాలి, మాట్లాడించాలి అని వాళ్ళు పట్టుబట్టడం ఆ రోజుల్లో కొత్త. పిల్లలు పెద్దల ముందు నోరు మెదపకపోవడమే అప్పటి మర్యాద.

అంగన్‌వాడీ అనే ఆలోచన పడమటి తీరం నుంచి వచ్చింది. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం తెరిచాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామానికి మారింది. అక్కడ దళిత, ఆదివాసీ పిల్లలు బడికి రాలేదు. దాంతో ఆమె, అనుతాయి వాఘ్ కలిసి వాళ్ళ పెరట్లోకే బడిని తీసుకెళ్ళారు. ఖరీదైన చెక్క సామాను బదులు గవ్వలు, గింజలు, ఆకులు, రాళ్ళు. అడయారులో రూపాయలు పోసి చేయించే పనిని బోర్డీలో చెట్టుకింద దొరికినవాటితో చేశారు. అందుకే ఈ మొత్తం చరిత్రలో తారాబాయిది అందరికంటే తెలివైన పని అనిపిస్తుంది.

1972లో మీనా స్వామినాథన్ అధ్యక్షతన ఒక అధ్యయన బృందం పసిపిల్లల గురించి కేంద్రానికి నివేదిక ఇచ్చింది. ఆరోగ్యం, తిండి, చదువు మూడూ ఒకే గదిలో అందాలని దాని సారాంశం. ఆమె తర్వాతి జీవితం చెన్నైలోనే గడిచింది, 2022లో కన్నుమూశారు. ఆ ఆలోచనలోంచి 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవలు మొదలయ్యాయి. అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య: ఆరు సేవలు. ఇవన్నీ చేయాల్సింది మాత్రం ఒకే టీచరు. ఒక సహాయకురాలు ఉన్నా ఆమెకు వంటే సరిపోతుంది. పథకం రాసినవాళ్ళు ఆరో పనిని మిగతా అయిదింటి చివర పెట్టారు, టీచరు దినచర్యలోనూ అది చివరికే పోయింది.

తమిళనాడు ఇక్కడ కొంచెం వేరే దారి పట్టింది. 1980లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన పోషకాహార ప్రాజెక్టులో మూడేళ్ళలోపు పిల్లలను ప్రతినెలా తూచేవారు. బరువు పెరగని బిడ్డకు మాత్రమే లడ్డు రూపంలో అదనపు ఆహారం, కోలుకోగానే ఆపేయడం. లెక్క పక్కాగా ఉండేది. 1982 జూలై 1న ముఖ్యమంత్రి ఎం.జి.రామచంద్రన్ తిరుచిరాపల్లి దగ్గర పాప్పాకురిచ్చిలో పోషకాహార పథకం ప్రారంభించాడు. ఇది లడ్డు లెక్కకు పూర్తిగా వ్యతిరేకం: బలహీనుడు బలవంతుడు అని చూడకుండా వచ్చిన ప్రతి పిల్లకూ వేడి అన్నం. రెండేళ్ళు నిండిన పిల్లలకు బాలవాడిలో, పెద్దవాళ్ళకు బడిలో. సెప్టెంబరులో పట్టణాలకూ విస్తరించింది. ఓట్ల కోసం అని ఆర్థికవేత్తలు చాలామంది పెదవి విరిచారు. కానీ ఊరూరా ఒక వంటగది, నిర్వాహకురాలు, వంటమనిషి, సహాయకురాలు అనే మూడు జీతాలు, వాటిలో వితంతువులకూ దిక్కులేనివాళ్ళకూ ముందు పీట అనేవి శాశ్వతంగా మిగిలాయి. నేడు రాష్ట్రంలో 54 వేలకు పైగా అంగన్‌వాడీలు నడుస్తున్నాయంటే పునాది అక్కడే పడింది. ఇప్పుడు వారానికి మూడు గుడ్లు కూడా ఇస్తున్నారు.

ఈ మొత్తం కాలంలో షోళింగనల్లూరు ఒక పల్లె. పళ్ళికరణై చిత్తడికి దక్షిణాన, కాలువకు పడమటి గట్టున, వరిపొలాల మధ్య ఉండేది. పెద్దాపురం సరకూ నెల్లూరు బియ్యమూ ఎరిగిన తెలుగు పడవలవాళ్ళకు కూడా ఈ కాలువ కొత్త కాదు, అప్పట్లో పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా సాగిన జలమార్గం ఇదే. పాత మహాబలిపురం రోడ్డుమీద సాఫ్ట్‌వేర్ కంపెనీలు దిగాక ఊరి ముఖం మారిపోయింది. ఇన్ఫోసిస్ ఆవరణ, ఎల్కాట్ ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చాయి. 2008లో ఆరు వరసల రోడ్డు తెరిచారు. 2011లో ఊరు చెన్నై కార్పొరేషన్‌లో కలిసి పదిహేనో జోన్‌కు పేరైంది. 2018లో కాంచీపురం జిల్లా నుంచి చెన్నై జిల్లాకు మారింది.

ఉద్యోగాలతోపాటు గుంటూరు, నెల్లూరు, చిత్తూరు, హైదరాబాద్ నుంచి జంటలు వచ్చాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు, అమ్మమ్మ ఉండేది ఊళ్ళో. వసారా చేసిన పనిని ఇప్పుడు డబ్బిచ్చి కొనాలి. అలా కిడ్జీ, యూరోకిడ్స్ లాంటి గొలుసు ప్లేస్కూళ్ళకు ఈ రోడ్డుమీద మంచి గిరాకీ వచ్చింది. 2015లో తమిళనాడు ప్రభుత్వం ప్లేస్కూళ్ళకు ప్రత్యేక నియమావళి తెచ్చింది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణ యాభైమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ ఏర్పాటు చేయాలంది. రోజుకు నాలుగుసార్లు తల్లి వెళ్ళి బిడ్డను చూసుకునే హక్కూ ఇచ్చింది. మంచి చట్టం. అదే భవనంలో నేల తుడిచే కాంట్రాక్టు మనిషి బిడ్డకు ఆ తలుపు తెరుచుకుంటుందా అన్న ప్రశ్న మాత్రం చట్టంలో సంఖ్యలతో తీరేది కాదు.

ఆ మనిషి బిడ్డ ఎక్కడుంటుందో ఈ రోడ్డే చెబుతుంది. 2000 నుంచి నగరం నడిబొడ్డున నదుల ఒడ్డు గుడిసెలు తొలగించి జనాన్ని తొరైపాక్కం దగ్గర కణ్ణగి నగర్‌కు తరలించారు. అక్కడ పదిహేను వేలకు పైగా ఇళ్ళు. 2004 సునామీ తర్వాతి ఏళ్ళలో సెమ్మంచేరి, ఆపైన పెరుంబాక్కంలో ఎనిమిదంతస్తుల భవనాలు వచ్చాయి. ఇళ్ళు ముందు లేచాయి, అంగన్‌వాడీలు, బడులు, ఆసుపత్రులు వెనక నడిచాయి. నాలుగు నుంచి ఎనిమిది వందల జనాభాకు ఒక అంగన్‌వాడీ అన్న కేంద్రం లెక్క ఇక్కడ చాలాకాలం కాగితానికే పరిమితమైంది. ఏళ్ళ తరబడి పౌర సంఘాల నివేదికలు దీన్నే ఎత్తిచూపాయి.

తెలుగు పాఠకుడు ఒక సంగతి గమనించాలి. చెన్నైలో పారిశుద్ధ్య పని చేసేవాళ్ళలో తరాలనాడు తెలుగు జిల్లాల నుంచి వచ్చి ఇంకా ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. నగరం నుంచి ఈ కాలనీలకు తరలినవాళ్ళలోనూ వాళ్ళున్నారు. కాబట్టి షోళింగనల్లూరులో రెండు రకాల బడుల్లోనూ తెలుగు పిల్లలుంటారు. ప్లేస్కూల్లో తెలుగు పిల్లకు ఇంగ్లీషు పాట, అంగన్‌వాడీలో తెలుగు పిల్లకు తమిళ పాట. పసితనంలో రెండు మూడు భాషలు వినడం మెదడుకు భారమేమీ కాదు. ఇంటి భాషలో కథ చెప్పేవాళ్ళు లేకపోతేనే నష్టం.

ఇదంతా చేసి పిల్లకు ఒరిగేదేమిటని అడిగేవాళ్ళకు అమెరికాలో పాత జవాబు ఒకటుంది. మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటిలో 1962లో 123 మంది పేద నల్లజాతి పిల్లలను రెండు గుంపులు చేసి, 58 మందికి మంచి ప్రీస్కూలు చెప్పించారు. తెలివితేటల పరీక్షలో వచ్చిన ఆధిక్యం కొన్నేళ్ళకే కరిగిపోయింది. కానీ నలభై ఏళ్ళ వయసులో చూస్తే ఆ గుంపువాళ్ళ సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ. అక్కడ నేర్చుకున్నది అక్షరాలకంటే ఆగడం, అడగడం, మొదలుపెట్టిన పని ముగించడం అన్నమాట.

తమిళనాడులో ఇంకా దగ్గరి జవాబు దొరికింది. ఆర్థికవేత్తలు అలెహాండ్రో గనీమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ నాలుగు జిల్లాల్లో 640 అంగన్‌వాడీలు తీసుకుని, చీటీ వేసినట్టు సగం కేంద్రాలను ఎంచి, వాటిల్లో ఒక్క మార్పు చేశారు. పిల్లల చదువు చూసుకోవడానికి సగంపూట పనిచేసే ఒక మనిషిని అదనంగా పెట్టారు. ఆమె కూడా ఆ ఊరి మనిషే. ఏడాదిన్నరలో చదువు చెప్పే సమయం రెట్టింపైంది. లెక్కల్లో, భాషలో పిల్లలు మిగతా కేంద్రాల పిల్లల్ని స్పష్టంగా దాటారు. విశేషమేమంటే పిల్లల ఎదుగుదల లోపం, తీవ్రమైన పోషకాహార లోపం కూడా తగ్గాయి. పాత టీచరుకు చదువు బరువు తగ్గడంతో తిండి, ఆరోగ్యం పనికి తీరిక దొరికింది. 1925లో విడదీసిన రెండు పద్దులు ఒకదానికొకటి ఎంత అవసరమో ఈ ఒక్క మార్పుతో తేలింది. ఖర్చుతో పోలిస్తే లాభం పదింతలు దాటుతుందని వాళ్ళ అంచనా.

ప్రభుత్వం వేరే దారి నుంచి కొంత ప్రయత్నించింది. 2019 జనవరిలో ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల ఆవరణల్లోని 2,381 అంగన్‌వాడీల్లో ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు తెరిచింది. ప్రాథమిక పాఠశాలల టీచర్లను ఇటు పంపితే వాళ్ళు కోర్టుకెక్కారు. 2022 జూన్‌లో తరగతులు ఎత్తేస్తామని చెప్పి, తల్లిదండ్రులు గోల చేయడంతో వెనక్కి తగ్గి, వీటికోసం విడిగా టీచర్లను పెడతామన్నారు. ఉచిత అన్నం ఉన్నచోట ఎల్‌కేజీ కూడా దొరికితే పేదవాడు ప్రైవేటు బడికి అప్పు చేయడని ఆ గోల చెప్పింది.

చెప్పాల్సిన హక్కు ఒకటి మిగిలింది. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. ఏ పల్లెలోనైనా మురికివాడలోనైనా ఆరేళ్ళలోపు పిల్లలు నలభైమంది ఉండి అంగన్‌వాడీ లేకపోతే, అక్కడివాళ్ళు అడిగిన మూడు నెలల్లో ప్రభుత్వం పెట్టాలి. షోళింగనల్లూరు అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగు చదువరులు తమ ఇంట పనిచేసే అమ్మను ఒక్కమాట అడగండి: పాపను ఎక్కడ దించి వస్తున్నావమ్మా అని. జవాబు పక్కింట్లో అనో, అక్కతో అనో వస్తే, ఆ కాలనీలో పిల్లల పేర్లు రాసి అర్జీ పెట్టడానికి కావలసింది ఒక కాగితం, ఒక పెన్ను. అర్జీ రాసిపెట్టే సాయం మాత్రం మీరు చేయాలి.